రెండంగుళాల పదును

సెల్‌కర్క్,
సోమవారం, నవంబరు 18, 1996

ఫెర్గస్ బాబుకి,

మీ అమ్మ వెయ్యి ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ పిల్లీ బాగానే ఉన్నాం. శియోనా అక్క కూడా బాగానే ఉందట, కార్డు రాసింది. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తున్నాను అని రాయడం ఆనవాయితీ. కానీ మెడ మీద మరిగే చక్కెర నీళ్ళు పోయించుకున్న కొడుకుని క్షేమమా అని ఏ మొహం పెట్టుకుని అడగను? ఆ బొబ్బలు మానాయా? ఉత్త నీళ్ళయితే జారిపోతాయి, చక్కెర కలిస్తే అంటుకుని కాలుస్తుందని నువ్వు రాయకుండా ఉండాల్సింది. అది చదివిన దగ్గర్నుంచి టీలో చక్కెర మానేశాను. పోసినవాడి పేరు మాత్రం నాకు రాయకు. రాస్తే వాడి తల్లిని వెతుక్కుంటూ పోయి జుట్టు పట్టుకుంటానేమోనని నాకే భయంగా ఉంది.

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని కంగారు పడకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి పిండికట్టులో ఉంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు. మీ జైలు వార్డర్లు ఈ ఉత్తరం నీకన్నా ముందు చదువుతారని తెలుసు. చదవనీ. ఈసారి దాచేదేమీ లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు అల్లాను, మూడో జత ఒక కాలికే అయింది, అది ఇంక ఇప్పట్లో కాదు. వీధివైపు కిటికీకి అద్దం వేయించాను, మళ్ళీ ఇటుకతో పగలగొట్టారు, ఇప్పుడు చెక్క బిగించాను. తలుపు మీద ఎర్రరంగుతో రాసిన మాటలు రెండు పూతలు వేసినా పూత లోపలి నుంచి కనబడుతూనే ఉన్నాయి. ‘హంతకుడి తల్లి’ అని రాశారు. చూసే కొద్దీ అలవాటైపోయింది. కసాయి కొట్టులో నాకు ఖీమా తూచడం మానేశారు, అందుకని బస్సెక్కి పక్క ఊరు వెళ్ళి తెచ్చుకుంటున్నాను. అయినా ఒంటిదానికి ఎంత కావాలి?

ఇక నీ చివరి ప్రశ్న. “అమ్మా, ఆ కత్తికి పదును ఎలా వచ్చిందో నీకేమైనా తెలిసిందా? ఒక్కోసారి నేనే నూరి మరిచిపోయానేమో అనిపిస్తోంది. ఇక్కడి డాక్టరు, ఒప్పేసుకో, మనసు తేలికపడుతుందంటున్నాడు. అప్పీలు వద్దని ఈ నెలాఖరుకి సంతకం పెట్టేద్దామనుకుంటున్నాను.” ఇలా రాశావు. ఇదే ప్రశ్న నువ్వు ఆరు ఉత్తరాల్లో అడిగావు. ఆరుసార్లూ పిల్లి గురించీ వాన గురించీ రాసి దాటేశాను. ఈసారి దాటను. కానీ వరసలో రానీ బాబూ. ముందే రాసేస్తే తతిమ్మాది రాసే ధైర్యం ఉండదు.

మగాళ్ళు నడుం చుట్టూ కట్టుకునే కుచ్చిళ్ళ కిల్టులు కుట్టే సాయంకాలం క్లాసు గురించి పోయిన నెల రాశాను కదా. మిల్లు మూతపడ్డాక ఊళ్ళో సగం మందికి చేతులూరికే ఉన్నాయి. సముదాయ భవనంలో గురువారం గురువారం ఆరున్నరకి నేర్పమని అడిగారు. హంతకుడి తల్లి దగ్గరికి ఎవరొస్తారులే అనుకున్నాను, తొమ్మిది మంది వచ్చారు. మిల్లులో నీ పక్క మగ్గం నడిపిన వాటీ తాత కూడా వచ్చాడు. మొదటి రోజే, “అమ్మాయ్ ఈనా, నా బొజ్జ పెరిగే వేగానికి ఎనిమిది గజాలు చాలవు, పది గజాలు లెక్కెయ్” అన్నాడు. అందరూ నవ్వారు. ఏడాదిన్నరలో నా ఎదురుగా ఎవరైనా నవ్వడం అదే మొదలు.

మూడో గురువారం తలుపు తోసుకుని నెటా టర్న్‌బుల్ వచ్చింది.

అవును, చనిపోయిన ఆర్చీ వాళ్ళమ్మే. గదిలో కుట్టు మిషన్లు ఠక్కున ఆగిపోయాయి. ఆవిడ చంకలో ఒక కాగితం పొట్లం. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి దాన్ని ధనామని పడేసింది.

“విప్పి చూడవే” అంది.

విప్పాను. ఆర్చీ కిల్టు. వాడి ఇరవై ఒకటో పుట్టినరోజుకి నేనే కుట్టాను, నా కుట్టు నేను గుర్తుపట్టలేనా? ముందు కుచ్చిళ్ళు లేకుండా సాపుగా పరుచుకునే భాగం మీద, తొడ దగ్గర, వేలి గోరంత చీలిక. దాని చుట్టూ నెత్తురు ఎండి అట్టకట్టి నల్లగా అయిపోయింది. పోలీసులు కేసు అయిపోయాక తిరిగి ఇచ్చేశారట.

“వాడి పిల్లాడికి వచ్చే నెల ఏడాది నిండుతుంది” అంది నెటా. “కడుపులో ఉండగానే తండ్రిని పోగొట్టుకున్నాడు. తండ్రి గుడ్డతో వాడికి కిల్టు కుట్టాలి. ఈ ఊళ్ళో ఈ పని తెలిసిన ముండవి నువ్వొక్కదానివే మిగిలావు. కుట్టి పెట్టక్కర్లేదు. నీ చేత్తో కుట్టింది నా మనవడు తొడుక్కోడు. నేర్పు. నేను కుడతాను.”

“నేర్పుతాను” అన్నాను.

“జాలి చూపించావంటే చంపేస్తాను.”

“చూపించను.”

మూడు వారాలు అలాగే నడిచింది. సూది పట్టుకుంటే ఎవర్నో పొడుస్తున్నట్టు పొడిచేది. వేలితొడుగు పెట్టుకోమంటే పెట్టుకునేది కాదు. వేళ్ళకి నెత్తురొచ్చినా ఆపేది కాదు. నేను వేరే గుడ్డ ముక్క మీద కుచ్చిళ్ళు పెట్టించి, గళ్ళు కలిసేలా టాకాలు వేయించాను. వంకర పోతే అడ్డంగా చింపేసి, మళ్ళీ మొదలుపెట్టేది. వాటీ తాత ఒకసారి, “నెటా, గుడ్డ ఏం పాపం చేసిందే?” అన్నాడు. కత్తెర తీసి తాత వేళ్ళ పక్కన బల్లలోకి దించింది. కత్తెర నిలబడి ఊగింది. తాత తన టీ కప్పు తీసుకుని పక్క బల్లకి పోయాడు.

ఇప్పుడు పెళ్ళినాటి సంగతి రాయాలి. నీకు తెలియదని కాదు. నువ్వు కింద పడి ఉన్నావు, నీ తల మెట్టు రాయికి కొట్టుకుంటోంది. నువ్వు చూడనిది నేను చూశాను.

శియోనా పెళ్ళి విందు అయిపోయి, డాన్సు ఇంకా మొదలవలేదు. మిట్టమధ్యాహ్నంలా ఎండ. ఆర్చీ పీకల దాకా తాగి ఉన్నాడు. “మీ నాన్న సమ్మె రోజుల్లో వెనక దారిన మిల్లులోకి దూరిన ద్రోహిరా. అందుకే త్వరగా చచ్చాడు” అన్నాడు నీతో. నువ్వు వాడి నోటి మీద గుద్దావు. వాడు నీకు రెండింతలు, రగ్బీలో ముందు వరస వాడు. తన నుదుటితో నీ ముక్కు పగలగొట్టాడు. ఆ విరిగిన చప్పుడు నేను గుమ్మంలోంచి విన్నాను. నిన్ను కింద పడేసి, గుండెల మీద మోకాలు పెట్టి, రెండు చెవులూ పట్టుకుని తల మెట్టుకేసి కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. మగాళ్ళు చుట్టూ నిలబడి కేకలేస్తున్నారు. ఒక్కడూ ఆపలేదు. నేను పరిగెత్తాను. బూటు మడమ విరిగి పడ్డాను. లేచేసరికి నీ చెయ్యి మేజోడు దగ్గరికి పోయింది.

మేజోట్లో దోపుకునే ఆ కత్తి మా నాన్నది. నీకు పదహారు నిండిన దగ్గర్నుంచి ప్రతి పండగకీ పెట్టుకున్నావు. దానితో జున్ను ముక్క కూడా తెగదని ఊరందరికీ తెలుసు. నువ్వూ పిల్లలూ దాన్ని గొంతు మీద రాసుకుని ఆడేవాళ్ళు. అదే ధైర్యంతో తీశావు. మీద నుంచి లేపడానికి తొడలో పొడిచావు. రెండు పొరల ఉన్ని గుడ్డ దాటి పిడి దాకా దిగిపోయింది.

ఆర్చీ లేచి నిలబడ్డాడు. నవ్వాడు ఫెర్గస్. “గోకావురా?” అన్నాడు. తర్వాత కిందికి చూసుకున్నాడు. వాడి తెల్ల మేజోడు పైనుంచి కిందికి ఎర్రబడింది, బూటు నిండి పొర్లింది. నాలుగడుగులు వేసి కూలబడ్డాడు. శియోనా తన పెళ్ళి బట్టలతోనే వాడి తొడ మీద కూర్చుని అదిమింది. నెటా వచ్చేసరికి వాడికి మాట లేదు.

కోర్టులో వాళ్ళ వకీలు ఆ కత్తి ఎత్తి చూపించి ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. మొన దగ్గర రెండంగుళాలు మాత్రమే కొత్తగా నూరారు, మిగతా అంతా మొద్దుగానే ఉంది, గుడ్డలు కోసుకోవడానికి ఎవరూ ఇలా నూరరు, ఇది పొడవడానికే నూరిన కత్తి అన్నాడు. పథకం వేసుకుని వచ్చాడన్నాడు. నువ్వేమో అది మొద్దు కత్తేనంటూ ఏడ్చావు. జూరీలో ఒకామె మొహం తిప్పుకుంది. పన్నెండేళ్ళు వేశారు.

పోయిన గురువారానికి వస్తాను. ఆ రోజు నెటా తన అసలు పని మొదలుపెట్టాలి. కిల్టుకి పైన నడుం దగ్గర, బరువు తగ్గడానికి లోపలి గుడ్డ కోసేసిన కుచ్చిళ్ళు పెద్దవాళ్ళకి మళ్ళీ పనికిరావు కానీ, పసివాడి పొడుగుకి కింది సగం చాలు. లోపల మడతల్లో దాగిన గుడ్డంతా కొత్తదానిలా ఉంటుంది. మచ్చ తగలని గజాలు చాలా ఉన్నాయని చెప్తే ఆవిడ గుడ్డని మొహానికి ఆనించుకుంది. తర్వాత నడుం పట్టీ దగ్గర కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కుట్లు విప్పే ఇనప ముల్లు ఇచ్చాను. నా కుట్లు గట్టివి, ఉన్నిలోకి ఇంకిపోయి ఉంటాయి. ముల్లు పుటుక్కున విరిగింది.

“ఛీ, దీని దుంపతెగ!” అంది నెటా. “నువ్వు దేనితో విప్పుతావే?”

నేను వంగి వాటీ తాత టాకాలు సరిచేస్తున్నాను. తల ఎత్తకుండానే, రోజూ చెప్పే పాఠంలా చెప్పేశాను. “ముల్లు పనికిరాదు. పొట్టి కత్తి కావాలి. మొన దగ్గర రెండంగుళాలే నూరాలి, మిగతాది మొద్దుగా ఉంచాలి. మొద్దు భాగాన్ని వేళ్ళతో పట్టుకుని, మొనని కుచ్చిళ్ళ మధ్యకి తోసి ఒక్కో కుట్టూ తెంపాలి. అంతా నూరితే మన వేళ్ళే తెగుతాయి.”

నేను తల ఎత్తాను. నెటా నన్నే చూస్తోంది. ఆవిడ కూడా ఆ కోర్టులో ముందు వరసలో కూర్చుంది కదా, తొమ్మిది రోజులూ.

“రెండంగుళాలు” అంది.

విరిగిన ముల్లుని బల్ల మీద పెట్టింది.

“ఎప్పుడు నూరావే?”

అబద్ధం నాలిక చివర సిద్ధంగా ఉంది ఫెర్గస్. ఏడాదిన్నరగా చెబుతున్నదే. ఇస్త్రీ బల్ల మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాను. “పెళ్ళి ముందు గురువారం” అన్నాను.

నెటా ఇస్త్రీ పెట్టె అందుకుంది. దర్జీల పెట్టె అది, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు, వేడిగా ఉంది. ఆవిడ ఎత్తడం చూశాను, దించడం చూశాను. చెయ్యి తీసేయగలిగేదాన్ని. తియ్యలేదు. ఎముకలు నలిగిన చప్పుడు నీ ముక్కు విరిగిన చప్పుడులాగే ఉంది. కాలిన వాసన వచ్చింది. రెండోసారి ఎత్తింది, ఈసారి తలకి గురి. వాటీ తాత వెనక నుంచి నడుం పట్టుకుని ఈడ్చాడు. ఆవిడ తాత మొహాన్ని మోచేత్తో పగలగొట్టింది, ఆయన కట్టుడు పళ్ళు ఎగిరి బల్ల కింద పడ్డాయి. నెత్తురు నోటితోనే తాత, “వదల్నే, చచ్చినా వదల్ను” అని అరుస్తున్నాడు.

“పదిహేడు నెలలుగా దాని కొడుకుని రోజూ నా మనసులో చంపుతున్నాన్రా తాతా!” అని గోడలు అదిరేలా అరిచింది నెటా. “రోజుకో రకంగా చంపుతున్నాను! ఇప్పుడెవర్ని చంపమంటావు? చెప్పు, ఎవర్ని?”

జవాబు నా దగ్గర ఉంది, కానీ నేను నేల మీద ఉన్నాను.

ఇప్పుడు చెప్తాను. ఆ గురువారం నీ కిల్టు వెడల్పు చేస్తున్నాను. నడుం రెండంగుళాలు పెరిగిందని నువ్వే తెచ్చి పడేశావు, గుర్తుందా? పెళ్ళికి రెండు రోజులే ఉంది. విప్పుతుండగా నా పాత కత్తి మొన విరిగింది. షాపుకి వెళ్ళే తీరిక లేదు. అలమరాలోంచి మా నాన్న కత్తి తీసి, సాన రాయి మీద రెండంగుళాలు నూరాను. వెంట్రుక పెడితే తెగేలా నూరాను. పన్నెండు కుచ్చిళ్ళు విప్పి, మళ్ళీ కుట్టి, దాన్ని దాని ఒరలో పెట్టేశాను. శనివారం పొద్దున నువ్వు బూటు తాళ్ళు కట్టుకుంటుంటే, ఎప్పటిలాగే నేనే నీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీ మేజోట్లో దోపాను. పదును సంగతి చెప్పడం మరిచిపోయాను. పూల గుత్తి ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నాను.

ఆ సాయంత్రమే పోలీసులు అడిగారు, కత్తిని చివరిసారి ఎప్పుడు చూశారని. భయమేసి, ఏడాదైందన్నాను. ఒకసారి అన్నాక కోర్టులోనూ అదే అన్నాను, దేవుడి మీద ప్రమాణం చేసి మరీ. నువ్వు నిజం చెబుతున్నావు కదా, నిన్ను నమ్ముతారులే అనుకున్నాను. నమ్మలేదు. అప్పుడైనా లేచి చెప్పాల్సింది. ఆర్చీని చంపింది నా చేతులేనని ఊరంతా అంటుందని కూర్చుండిపోయాను. పన్నెండేళ్ళు అని జడ్జి చదివినప్పుడు నువ్వు వెనక్కి తిరిగి నా వైపు చూశావు. ఆ చూపు నుంచి నన్నెవరూ కాపాడలేరు. కాపాడనక్కర్లేదు కూడా.

ఆసుపత్రిలో పోలీసతను వచ్చి ఎలా జరిగిందని అడిగితే, ఇస్త్రీ పెట్టె జారిపడిందని చెప్పాను. నాలుగు ఎముకలు విరిగాయట, రెండు వేళ్ళు ఇంక వంగవట.

నిన్న ఆదివారం, చర్చి నుంచి తిన్నగా నెటా మన ఇంటికి వచ్చింది. తలుపు తీసి, కొడుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. ఎర్రరంగు తలుపుకి ఆనుకుని నిలబడింది, లోపలికి రాలేదు.

“పెట్టె జారిందని చెప్పావట. నీకు అబద్ధం ఎంత సుళువే ఈనా!”

పిండికట్టు చేతిని వెనక్కి దాచుకున్నాను.

“నేను నిన్న స్టేషనుకి పోయి చెప్పొచ్చాను. కావాలనే కొట్టాను, తల కూడా పగలగొట్టబోయాను, ముసలాడు ఆపాడు అని చెప్పాను. రాసుకున్నారు. కేసు పెడతారట, పెట్టనీ.” ఊపిరి తీసుకుంది. “నీ కొడుకుని నేను క్షమించలేదు. కత్తి తీసింది వాడే. నిన్నయితే చచ్చేదాకా క్షమించను. కానీ నా కొడుకుని పథకం వేసి చంపారని చెప్పి నన్ను ఏడిపించారు. అది అబద్ధమని నువ్వెరుగుదువు. నా వంతు నేను చేశాను. ఇప్పుడు నీ వంతు.”

“రేపు పొద్దునే వెళ్తాను” అన్నాను.

“గుడ్డ నేనే విప్పుకుంటాను. ఎలాగో చెప్పావుగా” అని మెట్లు దిగింది. సగం దిగి, వెనక్కి తిరగకుండానే, “కింది అంచు మడిచి కుట్టాలా?” అని అడిగింది.

“వద్దు. నేతలో వచ్చిన అంచుని అలాగే వదిలెయ్యాలి.”

తల ఊపి వెళ్ళిపోయింది.

ఇవాళ తొమ్మిదింటికి మన వకీలు దగ్గరికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. నా పాత కత్తి, విరిగిన మొన, సాన రాయి, అన్నీ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. మొన మీద నూరిన గీతలూ కోర్టులో ఉన్న కత్తి మీది గీతలూ సరిపోల్చిస్తానన్నాడు. తీర్పు మారుతుందని మాటివ్వలేనన్నాడు, పోరాడతానన్నాడు. నువ్వు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దన్నాడు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు నన్ను లోపల వెయ్యొచ్చు. వేస్తే వెయ్యనీ. పిల్లిని వాటీ తాత చూసుకుంటానన్నాడు. కొత్త పళ్ళు కట్టించే దాకా మెత్తటి మాటలే మాట్లాడతానని ఆ తాతే జోకు వేశాడు. క్లాసు కూడా ఆయనే నడుపుతాడట, ఏం నేర్పుతాడో ఏమో.

ఈ ఉత్తరం చదివాక నాకు రాయబుద్ధి కాకపోతే రాయకు. చూడ్డానికి వస్తే మొహం తిప్పుకున్నా అడగను. ఒక్కటి మాత్రం చెయ్యి. నేనే నూరానేమో, మరిచిపోయానేమో అని ఇంకెప్పుడూ అనుకోకు. నువ్వు నూరలేదు. నీకు తెలియదు. నువ్వు కోర్టులో చెప్పిన ప్రతి మాటా నిజం. ఆ గదిలో నువ్వొక్కడివే నిజం చెప్పావు కన్నా.

ఇట్లు,
ఆ కత్తి నూరి, నీ మేజోట్లో దోపిన
మీ అమ్మ